పల్లె వెలుగులో, పంటు మీద కోనసీమ

ముక్తేశ్వరం రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ) దిగగానే ఎవరైనా ఎదురొచ్చి "అమలాపురం ఆఖరి బస్సు ఇప్పుడే వెళ్ళిపోయిందండీ" అంటే ఆగకండి. నాలుగు అడుగులు వేసి, రోడ్డు మీద కొట్టు పెట్టుకున్న మనిషిని అడగండి. ఆఖరి బస్సు పోయిందన్న ఆ ఒక్క మాట నమ్మి మాకు ఆరు వందలు వదిలాయి. ఆ సంగతికి వస్తాను. మిగతా ప్రయాణం మాత్రం ఇంత చవకలో ఇంత హాయిగా ఉంటుందని నేను అనుకోలేదు.

వెళ్ళింది నేను, మా ఆవిడ, హైదరాబాద్ నుంచి వచ్చిన మా అక్క. కారు మాట్లాడుకోమని బావగారు మొదటి నుంచీ పోరు. కిలోమీటరుకు 14 రూపాయలు, తిరిగినా తిరగకపోయినా రోజుకు 300 కిలోమీటర్ల లెక్క, డ్రైవరు బత్తా రోజుకు 500. రెండు రోజులకు 9,400. కారెక్కితే కడుపులో తిప్పే మా అక్క ఆ అంకె విని, "బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టండి చాలు" అంది.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి చేరి, స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకు ఆటోలో 80 ఇచ్చి, ద్రాక్షారామం వెళ్ళే పల్లె వెలుగు ఎక్కాం. టికెట్టు 65. గొడవ అక్కడే మొదలైంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా. మా ఆవిడ ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. అక్క ఆధార్‌లో హైదరాబాద్ చిరునామా ఉంది. ఈ రాష్ట్రం వాళ్ళకే అమ్మా, డబ్బులు ఇవ్వాలి అన్నాడు. అతని తప్పేమీ లేదు, నిబంధన అలాగే ఉంది. కానీ అక్క ఊరుకుంటుందా! "నేను పుట్టింది రామచంద్రపురంలో. నా ఊరి మీదుగా పోయే బస్సులో నాకు టికెట్టు, గుంటూరు పిల్లకు ఉచితమా?" అని బస్సంతా వినబడేలా అడిగింది. వెనక సీట్లో ఒక పెద్దావిడ, "పోనీలే తల్లీ, మీ హైదరాబాద్‌లో మీకు ఉచితమేగా" అని సర్దిచెప్పబోతే ఇంకా మండిపడింది. రామచంద్రపురం దాటే వరకు మరదలితో మాట్లాడలేదు.

ద్రాక్షారామంలో దర్శనం అరగంటలో అయింది. రెండంతస్తుల గర్భాలయం, పైఅంతస్తుకు మెట్లెక్కి చూడాల్సినంత ఎత్తు లింగం. అక్కడి నుంచి కోటిపల్లికి బస్సులో 20.

కోటిపల్లి రేవు దగ్గర గోదావరి పాయ గౌతమి ఎంత వెడల్పో బొమ్మల్లో చూస్తే తెలియదు. మనిషికి 20 ఇచ్చి పంటు ఎక్కాం. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, బడి నుంచి వస్తున్న పిల్లలు, ఒక మేకపిల్ల. పంటు కదలగానే అక్క కోపం నీళ్ళలో కలిసిపోయింది, ఇద్దరూ కమ్మీ పట్టుకుని ఒడ్డున గుడి గోపురం కనుమరుగయ్యే దాకా చూస్తూ నిలబడ్డారు. కారుంటే యానాం, ఎదుర్లంక వంతెన మీదుగానో, ఎగువన జొన్నాడ దగ్గరో చుట్టు తిరిగి అద్దాల్లోంచి నదిని చూసి వచ్చేవాళ్ళం.

అవతల ముక్తేశ్వరం రేవులో దిగేసరికి సాయంత్రం ఆరున్నర. ఎదురుగా ఆటో. బస్సు లేదు, ఇక రేపు పొద్దున్నే, చీకటి పడితే ఆటోలూ దొరకవు అని అతనే చెప్పాడు, పక్కనున్న ఇద్దరూ తలలూపారు. ఎనిమిది వందలతో మొదలుపెట్టి ఆరు వందలకు దిగాడు. బస్సులో అయితే నాకూ అక్కకూ కలిపి 50తో పోయే దూరం. సగం దారిలో వెనక నుంచి హారను. సగానికి పైగా ఖాళీగా, లోపల లైట్లు వెలుగుతూ అమలాపురం బోర్డుతో పల్లె వెలుగు మమ్మల్ని దాటిపోయింది. ఆటోలో ఎవరమూ మాట్లాడలేదు. కాసేపటికి డ్రైవరే, "ఇవాళ ఆలస్యంగా వచ్చినట్టుందండీ" అన్నాడు. మా ఆవిడ, "రోజూ ఆలస్యంగానే వస్తుందేమో" అంది. దిగేటప్పుడు వంద తగ్గించమంటే మాట మాటేనన్నాడు. అవునట, మాటకు విలువ ఉండాలట!

అమలాపురంలో లాడ్జి కూడా ఆ కోవదే. ఫోనులో 1,400 అన్న గది, మూడో మనిషిని చూడగానే 1,800 అయింది. పెరిగిన నాలుగు వందలకు దక్కింది నేల మీద ఒక పరుపు. వేడినీళ్ళు పొద్దున ఏడు దాకానే. ముందుగా డబ్బు కట్టకండి, గది చూశాకే కట్టండి.

ఆ రాత్రి పరువు నిలబెట్టింది బస్టాండు దగ్గరి మెస్సు. భోజనం 120. కందా బచ్చలి కూర ఆవపెట్టి ఎంత బాగా చేశారంటే, ఇంటికి కంద తెస్తే చేతులు దురద అని పక్కన పడేసే మా ఆవిడ మారు వడ్డించమని అడిగింది. పెద్దాయన కూర గిన్నె తెచ్చి విస్తరి పక్కనే పెట్టి వెళ్ళాడు. అక్క పెరుగన్నంలోకి కూడా అదే వేసుకుంది.

మర్నాడు రాజోలుకు 45, అక్కడి నుంచి అంతర్వేదికి 35. గుడి, అన్నాచెల్లెళ్ళ గట్టు, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, అన్నీ తీరుబడిగా చూశాం. మాఘ శుద్ధ ఏకాదశి రథోత్సవం రోజుల్లో మాత్రం ఈ తీరుబడి ఉండదు, నిలబడటానికి కూడా చోటు దొరకదు. సఖినేటిపల్లి రేవుకు షేర్ ఆటోలో మనిషికి 40. అక్కడ పంటు ఎక్కి నది దాటితే అవతల నరసాపురమే. రోడ్డున పోతే చించినాడ వంతెన మీదుగా పెద్ద చుట్టు. వరద రోజుల్లో పంటులు ఆపేస్తారు కాబట్టి వానాకాలంలో ముందే కనుక్కుని బయలుదేరండి.

నరసాపురం రేవులో స్టేషనుకు ఆటో 150 అడిగాడు. ఈసారి బేరం అక్క చేతికి ఇచ్చాం. ముందు కొట్టు మనిషి దగ్గరికి వెళ్ళి అసలు రేటెంతో కనుక్కుని వచ్చి, వందకు ఒప్పించింది.

రైళ్ళు, గది, తిండి కాక తిరుగుడుకు ముగ్గురికీ కలిపి అయింది 1,350. అందులో బస్సులకు 330, పంటులకు 120. మిగిలిన 900 ఆటోలకే. బావగారికి ఈ లెక్క వాట్సాప్‌లో పంపితే, "ఆ ఆరు వందలు కూడా కలిపావా?" అని అడిగారు. అక్క అప్పటికే ఫోను చేసి చెప్పేసింది.