అరిగిపోయిన పాత చెక్క నేలకు మళ్లీ కళ: ఆరేళ్లు వాడి చూశాక నా సమీక్ష

మేము ఈ పాత ఇంట్లోకి వచ్చిన మొదటి వారంలోనే కార్పెట్లు పీకేశాం. కింద ఓక్ చెక్క నేల కనిపించింది. మంచి చెక్కే, కానీ పరిస్థితి ఏమీ బాగాలేదు. గుమ్మం దగ్గర పాలిష్ పూర్తిగా పోయి బూడిద రంగుకు తిరిగింది. హాల్లో సోఫా జరిపిన గీతలు, వెనక గదిలో పూలకుండీ పెట్టిన చోట నల్లటి గుండ్రటి మచ్చ. చూడటానికి వచ్చిన నిపుణుడు గదులన్నీ మెషిన్‌తో గీకి కొత్తగా పాలిష్ వేయాల్సిందేనని, వేరే దారి లేదని చెప్పాడు. అంత డబ్బు మా దగ్గర లేదు. అందుకే ఒక్కో గదికి ఒక్కో చవక పద్ధతి ప్రయత్నించాను. ఆరేళ్లు వాటి మీదే తిరిగాం, కుర్చీలు లాగాం, నీళ్లు ఒలకబోశాం. ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందుగా నేను చేసిన తప్పు. షాపులో 'నేలకు మెరుపు' అని రాసి ఉన్న సీసా ఒకటి కొని, గుడ్డతో హాలంతా పూసేశాను. అరగంటలో అద్దంలా మెరిసింది, ఇంట్లో అందరం సంబరపడిపోయాం. మూడు నెలలు తిరిగేసరికి నడిచే దారంతా తెల్లటి మసక పొర, దాని మీద పాదాల గుర్తులు. మళ్లీ ఒక పూత పూస్తే ఇంకా దళసరి మసక. అది నిజానికి పలచటి ప్లాస్టిక్ పొర లాంటి యాక్రిలిక్ పూత. చెక్కను బాగుచేయదు, గీతలను కాసేపు కప్పి ఉంచుతుంది, అంతే. దాన్ని వదిలించడానికి అమ్మోనియా కలిసిన క్లీనర్‌తో మోకాళ్ల మీద కూర్చుని రెండు వారాంతాలు రుద్దాను. ఎవరైనా ఆ పని చేయాల్సి వస్తే కిటికీలన్నీ తెరిచి పెట్టండి, కొద్ది కొద్ది జాగాలో చేస్తూ వెంటనే తుడిచేయండి. అమ్మోనియాలో బ్లీచ్ మాత్రం పొరపాటున కూడా కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఆ దెబ్బతో ఒక విషయం అర్థమైంది. నేల మీద ఇప్పటికే ఏముందో తెలుసుకోకుండా దేన్నీ పూయకూడదు. తెలుసుకోవడానికి పైసా ఖర్చు కూడా లేదు. ఒక చుక్క నీళ్లు వేసి కొన్ని నిమిషాలు చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే పాత పూత ఇంకా బతికే ఉంది. చెక్క పీల్చుకుని నల్లబడితే అక్కడ పూత పోయినట్టే. తర్వాత కనబడని మూలలో స్పిరిట్ (ఆల్కహాల్) అద్దిన దూదితో రుద్దండి, పూత కరిగి జిగురుగా మారితే అది లక్క పాలిష్. టర్పెంటైన్ అద్దిన తెల్లగుడ్డతో రుద్దినప్పుడు గుడ్డకు పసుపు గోధుమ జిడ్డు అంటితే పైన మైనం ఉంది. దేనికీ చలించకపోతే చాలావరకు అది పాలియురేథేన్ వార్నిష్. మా హాల్లో ఉన్నది ఈ చివరిదే. పడక గదిలో మాత్రం లక్క మీద మైనం తేలింది. రెండు గదుల్లోనూ కంటికి ఒకేలా కనిపించిన నేలే!

పాత ఇల్లు కాబట్టి గీకే ముందు పూతలో సీసం ఉందేమో పరీక్ష చేయించాను. ముఖ్యంగా నేల మీదో అంచుల్లోనో పాత రంగు వేసి ఉంటే ఈ మెట్టు దాటేయకండి. సీసం ధూళి చిన్నపిల్లలకు చాలా ప్రమాదం.

హాలు సంగతికి వస్తే, నా దృష్టిలో పెట్టిన ఖర్చుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే. చెక్క దాకా గీకలేదు. పాత వార్నిష్ పై పొరను మాత్రం 150 నంబరు ఉప్పుకాగితంతో, పొడుగు కర్ర బిగించిన పట్టీతో, చెక్క నార సాగిన దిశలోనే రుద్దాను. మెరుపు ఎక్కడా మిగలకుండా నేలంతా ఒకేలా మసకబారాలి. మెరుపు మిగిలిన చోట కొత్త పూత పట్టదు, పొరలుగా లేస్తుంది. తర్వాత రెండుసార్లు వాక్యూమ్, ఆ పైన పిండేసిన తడిగుడ్డతో తుడుపు. అప్పుడు కూడా నేల మొత్తానికి పూయలేదు. బీరువా వెనక ఒక అడుగు జాగాలో పూసి, రెండు రోజులు ఆగి, నాణెం అంచుతో గీరి చూశాను. లేవలేదు. ఆ మాట తేలాకే మిగతా హాలు మొదలుపెట్టాను.

నీటితో పలచబడే రకం వార్నిష్ తీసుకున్నాను. వాసన తక్కువ, రెండు మూడు గంటల్లో చేతికి అంటకుండా ఆరుతుంది, రంగు పచ్చగా మారదు. నూనె రకం ఇంకా గట్టిగా ఉంటుందని, చెక్కకు వెచ్చటి తేనె రంగు ఇస్తుందని దాన్ని ఇష్టపడేవాళ్లున్నారు. కానీ పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగాలి, ఆ వాసనతో ఇంట్లో ఉండటం కష్టం. డబ్బాను ఎప్పుడూ కుదపకూడదు, బుడగలు వస్తాయి. పుల్లతో నెమ్మదిగా కలపాలి. అవతలి గోడ దగ్గర మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి రావాలి, పూసిన అంచు ఆరకముందే పక్క పట్టీ కలిపేయాలి. నేను మధ్యలో ఫోను మాట్లాడటానికి లేచిన చోట ఇప్పటికీ వెలుతురు ఏటవాలుగా పడితే ఒక గీత కనిపిస్తుంది. ఇరవై నాలుగు గంటల తర్వాత సాక్సులతో నడిచాం, మూడు రోజులకు సామాను పెట్టాం, తివాచీ మాత్రం రెండు వారాల దాకా వేయలేదు. పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి టైం పడుతుంది.

దీనితో అన్నీ మాయమవుతాయని అనుకోకండి. పూత పైన ఉన్న సన్న గీతలు పోతాయి. చెక్కలోకి దిగిన గీతలు ఉంటాయి. గుమ్మం దగ్గర బూడిద రంగు తిరిగిన భాగం కూడా పూతతో మారదు. అక్కడ మాత్రం చేతితో చెక్క దాకా రుద్ది, ముందు రెండు పలచటి పూతలు వేసి, తర్వాత మొత్తంతో కలిపాను. ఆ చోటు మిగతా నేలకంటే కొంచెం లేతగా ఉంటుంది. మాకు అది అలవాటైపోయింది. నాలుగో ఏట మళ్లీ ఒక్క పూత వేశాను. ఆ రోజు పనికి ఉదయం నుంచి సాయంత్రం దాకా పట్టింది, అంతే.

పడక గదిలో మైనం ఉంది కాబట్టి అక్కడ వార్నిష్ మాటే లేదు. మైనం మీద వార్నిష్ పట్టదు. అందుకే పాత మైనాన్ని టర్పెంటైన్‌తో తుడిచి, కొత్త పేస్టు మైనం పలచగా రాసి, ఆరాక గుడ్డతో రుద్దాను. ఆ మెరుపు వేరు. వార్నిష్‌లా పైపైన తళతళలాడదు, చెక్క లోపలి నుంచి వస్తున్నట్టు ఉంటుంది. పొద్దున్నే ఆ గదిలోకి కాలు పెడితే ఇప్పటికీ ఆగి చూడాలనిపిస్తుంది. కష్టమేమిటంటే దాన్ని చూసుకుంటూ ఉండాలి. ఏడాదికి ఒకసారి, కాలు ఎక్కువ పడే చోట రెండుసార్లు రాయాలి. నీళ్లు పడి నిలిస్తే తెల్లమచ్చ వస్తుంది. దళసరిగా రాస్తే జారుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

వెనక గది ఒక్కదాన్నే చెక్క దాకా గీకాల్సి వచ్చింది, పూత అసలు మిగల్లేదు కాబట్టి. అద్దెకు డ్రమ్ములా తిరిగే మెషిన్ ఇవ్వబోతే వద్దన్నాను. అది తిరుగుతుండగా ఒక్క క్షణం ఒకేచోట నిలబడితే నేలలో గుంట పడుతుంది, మళ్లీ పూడ్చలేం. చదునైన పళ్లెం అదిరే రకం తీసుకున్నాను. నెమ్మదిగా పని చేస్తుంది, కానీ చేయి తిరగని మనిషిని క్షమిస్తుంది. 60 నంబరు కాగితంతో మొదలుపెట్టి 80, 100తో ముగించాను. అంతకు ముందు గడప పట్టీ తీసి పలక అంచు చూశాను, పైన ఇంకా ఎంత మందం ఉందో తెలియాలి కదా. మేకుల తలలు బయటికి కనబడుతున్నా, పలకలు ఒకదానిలో ఒకటి దూరే గాడి దాకా అరిగినా ఇక గీకకూడదు. పైన పలచటి చెక్క పొర అతికించిన రకం నేలలకైతే ఇంకా జాగ్రత్త, కొన్నిటికి ఒక్కసారి గీకడానికి కూడా మందం ఉండదు.

అక్కడి నల్లమచ్చ గురించి కొంచెం చెప్పాలి. ఓక్‌లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం, నీళ్లు, ఇనుము కలిస్తే ఆ నలుపు వస్తుంది. గీకితే పోదు, లోపలికి దిగి ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం పొడిని వేడినీళ్లలో కరిగించి బ్రష్‌తో రాశాను. రాత్రంతా వదిలేసి, తర్వాత బాగా కడిగి, వంటసోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ఇంకోసారి తుడిచాను. రెండుసార్లు చేస్తే బొగ్గులా ఉన్న మచ్చ టీ మరకంత అయింది. ఈ పొడి విషం. గ్లౌజులు, కళ్లజోడు, మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. ఆరిన తెల్ల పలుకులను ఉప్పుకాగితంతో రుద్దకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అదే గదిలో సుత్తి పడి పడిన సొట్ట ఒకటి ఉండేది, బొటనవేలు గోరంత. గీకి పూత లేకుండా ఉన్నప్పుడే దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, తడిగుడ్డ పరిచి, వేడి ఇస్త్రీ పెట్టె మొన ఆనించాను. సుయ్‌మని ఆవిరి లేచింది. పది లెక్కపెట్టి తీసి వేలితో తడిమాను, సొట్ట సగం నిండింది. ఇంకో రెండుసార్లు చేసేసరికి వేలికి తగలడం మానేసింది. నలిగిన చెక్క ఆవిరికి మళ్లీ ఉబ్బుతుంది. అయితే నార తెగిపోయిన లోతు గాటు మాత్రం ఇలా లేవదు. వార్నిష్ ఉన్న నేల మీద చేస్తే పూత తెల్లబడొచ్చు.

ఆ గదికి గట్టిపడే రకం చెక్క నూనె రాశాను. రాసిన అరగంటకు మిగులు నూనెంతా తుడిచేయాలి. ఇక్కడొక ముఖ్యమైన మాట. తుడిచిన గుడ్డలన్నీ ముద్దగా చుట్టి మూలన పడేసి భోజనానికి వెళ్లాను. వచ్చి చేత్తో ఎత్తితే లోపలి గుడ్డ వెచ్చగా ఉంది, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా. గుండె ఆగినంత పనైంది. అవిసె నూనె లాంటివి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తాయి, ముద్దగా ఉన్న గుడ్డ అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. అలాంటి గుడ్డలను బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

నూనె నేలకు ఐదేళ్లయింది. గీత పడితే ఆ చోట మాత్రం రుద్ది, కాస్త నూనె రాస్తే కలిసిపోతుంది, వార్నిష్‌కు ఆ సుఖం లేదు. నడిచే దారిలో ఏడాదికి ఒకసారి రాయాలి.

పలకల మధ్య సందుల విషయంలో మాత్రం నా శ్రమ వృథా అయింది. రంపపు పొట్టును జిగురులో కలిపి కూరాను. ఏడాది తిరగకుండా ముక్కలై ఊడి వచ్చింది. చెక్క గాలిలో తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడి నెలల్లో ముడుచుకుంటుంది. ఆ కదలికకు గట్టి పూడిక ఆగదు. చిన్న సందులు వదిలేశాను. పెద్దవాటిలో సన్నటి చెక్క పుల్లలు దూర్చి, ఒక్క పక్కకే జిగురు పెట్టాను. రెండో పక్క కదలడానికి వీలుండాలి. నాలుగేళ్లుగా అవి అలాగే ఉన్నాయి.

ఇంత చేశాక నేలను కాపాడుతున్నవి చాలా మామూలు విషయాలు. గుమ్మానికి లోపలా బయటా కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఎందుకంటే చెప్పులకు అంటి వచ్చే ఇసుక రోజూ ఉప్పుకాగితంలా రుద్దుతుంది. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు, అవి కూడా ఇసుక పట్టాక మార్చాలి. బాగా పిండిన గుడ్డతోనే తుడుపు. ఆవిరి మాప్ మా ఇంట్లో టైల్స్ మీదకే పరిమితం. వెనిగర్ నీళ్లు కొన్నాళ్లు వాడి, మెరుపు తగ్గుతోందని గమనించి మానేశాను.

మొన్న ఆదివారం హాల్లో గుమ్మం దగ్గర మళ్లీ నీటి చుక్క వేసి చూశాను. పది నిమిషాలకూ అలాగే నిలబడి ఉంది. వంటగది వైపు వెళ్లే దారిలో మాత్రం మెల్లగా పరుచుకుంది. అక్కడ రెండు పలకల మేర రుద్ది పూయాలి, కాగితం తెచ్చి పెట్టుకున్నాను. వెనక గదిలో ఆ టీ మరక ఇంకా ఉంది. దాని మీద ఏ సామానూ పెట్టలేదు.