గోథే బీ1 ఉచిత మోడల్ పేపర్: గ్రామర్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థాయి) పరీక్షకి చదివేవాళ్లు మామూలుగా గ్రామర్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి పట్టుకుంటారు. పాసివ్ (కర్మణి వాక్యాలు) దగ్గరికి వచ్చేసరికి పరీక్ష తేదీ ముంచుకొస్తుంది. అలా మొదలుపెట్టే ముందు చూడాల్సింది గోథే ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మోడల్ పేపర్‌ని. ప్రశ్నలు, ఆడియో, ఆ ఆడియోలో ఉన్నదంతా రాతలో, జవాబులు, రైటింగ్‌కి మార్కులు వేసే పట్టిక అందులో ఉంటాయి. ఆ చివరి పట్టిక ఒక్కదాని కోసమైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఈ పరీక్షను గోథే ఇన్‌స్టిట్యూట్, ఆస్ట్రియాకి చెందిన జర్మన్ పరీక్షల సంస్థ ఓఎస్‌డీ, స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేశాయి. 2013 నుంచి నడుస్తోంది. లేజెన్ (చదవడం) 65 నిమిషాలు, హ్యోరెన్ (వినడం) సుమారు 40, ష్రైబెన్ (రాయడం) 60, ఇద్దరేసి కలిసి చేసే ష్ప్రెషెన్ (మాట్లాడటం) సుమారు 15. ఒక్కో భాగానికి 100 మార్కులు, 60 వస్తే పాస్. ఒక భాగం పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు.

పేపరంతా తిరగేసినా ‘ఖాళీలో సరైన ఆర్టికల్ రాయండి’ లాంటి ప్రశ్న ఒక్కటీ కనిపించదు. అందుకని గ్రామర్ అక్కర్లేదనుకుంటే దెబ్బతింటారు. మార్కుల పట్టిక చూడండి. ష్రైబెన్‌లో మొదటి రెండు ప్రశ్నలకి చెరో 40, మూడోదానికి 20. ఆ 40ని నాలుగు పదులుగా విడగొడతారు: అడిగింది రాశారా, వాక్యాలు ఒకదానితో ఒకటి అతుకుతున్నాయా, పదసంపద, గ్రామర్. ఈ నాలుగో గడిలో పదరూపాలు, పదక్రమం, స్పెల్లింగ్ అన్నీ కలిసే ఉంటాయి. పైగా అక్కడ చూసేది తప్పుల లెక్క కాదు. ఎన్ని రకాల నిర్మాణాలు వాడారు, పడిన తప్పు వల్ల అర్థం చెడిందా అన్నది చూస్తారు. అందుకే పొట్టి పొట్టి వాక్యాలతో తప్పుల్లేకుండా లాగించేసినా పూర్తి మార్కులు రావు. ఇంకో నియమం చాలామంది కంటపడదు: ‘అడిగింది రాశారా’ అన్న గడిలో సున్నా పడితే, మిగతా మూడు గడులు ఎంత బాగున్నా ఆ ప్రశ్న మొత్తానికి సున్నానే.

ఏ గ్రామర్ ముందు నేర్చుకోవాలో కూడా ఆ మూడు ప్రశ్నలే చెబుతాయి. మొదటిది స్నేహితులకి సుమారు 80 మాటల ఈమెయిల్. జరిగింది వర్ణించాలి, ఏదో ఒకదానికి కారణం చెప్పాలి, కలుద్దామని ప్రతిపాదించాలి. అంటే పెర్‌ఫెక్ట్ (జరిగిపోయినదాన్ని చెప్పే కాలం), ‘వైల్’ (ఎందుకంటే), ‘క్యోన్‌టెన్ వీర్’ (మనం చేయగలమా). రెండోది ఒక చర్చలో 80 మాటల అభిప్రాయం: ‘డాస్’ (‘అని’) వాక్యాలు, ‘ఓప్‌వోల్’ (అయినప్పటికీ), ‘ఐనర్‌జైట్స్, ఆండరర్‌జైట్స్’ (ఒకవైపు, మరోవైపు). మూడోది మర్యాదగా 40 మాటలు. మోడల్ పేపర్‌లో టీచర్‌తో కలవాల్సిన రోజున రాలేనని క్షమాపణ చెప్పాలి. ఇక్కడ ‘క్యోన్‌టెన్ జీ’, ‘వ్యుర్డె’ తరహా కోన్యుంక్టీవ్ 2 (మర్యాదగా అడిగే క్రియారూపం) లేకపోతే ఉత్తరం మొరటుగా వినిపిస్తుంది. సంబోధన తర్వాత కామా పెట్టాక, తర్వాతి లైను మొదటి మాట చిన్నక్షరంతో మొదలవ్వాలి. ‘మీరు’ అనే ‘జీ’, ‘ఈనెన్’, ‘ఈర్’ మాత్రం వాక్యంలో ఎక్కడున్నా పెద్దక్షరమే.

ఈ మూడింటిలోనూ ఎక్కువ నష్టం చేసేది క్రియ ఎక్కడ పెట్టాలన్నదే. ‘ఒంట్లో బాగోలేదు, అందుకే రాలేకపోయాను’ అనే విషయాన్నే మూడు రకాలుగా రాసి చూస్తే సంగతి తెలుస్తుంది. ‘వైల్ ఇష్ క్రాంక్ వార్’: క్రియ చివరికి పోయింది. ‘డెన్ ఇష్ వార్ క్రాంక్’ (డెన్ కూడా ‘ఎందుకంటే’నే): ఏమీ కదల్లేదు. ‘డెస్‌హాల్ప్ కొన్‌టె ఇష్ నిష్ట్ కొమ్మెన్’: డెస్‌హాల్ప్ మొదటి స్థానం తీసేసుకుంది కాబట్టి క్రియ దాని పక్కకి, ‘ఇష్’ ఆ తర్వాతికి. తెలుగువాళ్లకి వైల్ పెద్ద కష్టం కాదు, చివర క్రియ పెట్టడం మనకి పుట్టుకతో వచ్చిందే. చిక్కల్లా డెస్‌హాల్ప్ (అందుకే), ట్రోట్స్‌డేమ్ (అయినా), డాన్ (ఆ తర్వాత) దగ్గర. ‘డెస్‌హాల్ప్ ఇష్ కొన్‌టె’ అని అలవాటుగా రాసేస్తారు. వాక్యం ‘వెన్’ (ఒకవేళ)తో మొదలైనప్పుడూ ఇదే తంటా: కామా దాటగానే రావాల్సింది క్రియ.

రెలటీవ్ వాక్యాలు ఇంకాస్త కష్టపెడతాయి. ‘నేను చూసిన మనిషి’ అని మనం ఒక్క మాటతో ముగించేదానికి జర్మన్‌లో ‘డేర్ మాన్, డేన్ ఇష్ గెజేయెన్ హాబె’ అనాలి. ఇక్కడ రెండు నిర్ణయాలున్నాయి. లింగం వెనకనున్న నామవాచకం నుంచి వస్తుంది, విభక్తి మాత్రం లోపలి క్రియ నుంచి. అదే మనిషికి సాయం చేశారనుకోండి, హెల్ఫెన్ (సాయం చేయడం) డాటీవ్ (మన ‘కి, కు’ లాంటి విభక్తి) అడుగుతుంది కాబట్టి ‘డేమ్ ఇష్ గెహోల్ఫెన్ హాబె’. మొత్తం ఉత్తరంలో ఇలాంటి వాక్యం ఒక్కటి సరిగ్గా పడినా గ్రామర్ గడిలో లెక్కకి వస్తుంది.

విశేషణాల చివర్లు మాత్రం పట్టిక మొత్తం కంఠస్థం చేయాల్సినంత పని కాదు. డాటీవ్‌లో ముందు ఆర్టికల్ ఉంటే చివర ఎప్పుడూ ‘ఎన్’: ‘మిట్ ఐనెమ్ గూటెన్ ఫ్రోయిండ్’ (ఒక మంచి స్నేహితుడితో). ఆర్టికల్ ఉన్న బహువచనంలోనూ అంతే. ఈ రెండూ, వాటితో పాటు ‘ఐన్ గూటర్’, ‘ఐనెన్ గూటెన్’, ‘ఐనె గూటె’, ‘ఐన్ గూటెస్’ వస్తే రైటింగ్ గట్టెక్కుతుంది.

చదివేటప్పుడు, వినేటప్పుడు కావాల్సిన గ్రామర్ వేరు. అక్కడ గుర్తుపడితే చాలు, రాయనక్కర్లేదు. లేజెన్ ఐదో భాగంలో నియమ నిబంధనల పాఠం వస్తుంది, అక్కడ మోడల్ క్రియ (‘చేయవచ్చు, చేయాలి’ లాంటిది)తో పాసివ్ సహజంగా కనిపిస్తుంది. ‘డ్యుర్‌ఫెన్ నిష్ట్ ఆప్‌గెష్టెల్ట్ వేర్డెన్’ అంటే ఇక్కడ పెట్టకూడదని వెంటనే తట్టాలి. హ్యోరెన్‌లో ముంచేవి విడిపోయే క్రియలు, వాటి ముందుముక్క వాక్యం చివరికి పోతుంది. ‘జీ జాగ్ట్ ఫ్యుర్ జామ్‌స్టాగ్’ వరకు విని శనివారం వస్తోందని గుర్తు పెట్టేస్తారు. చివర పడేది ‘ట్సూ’ అయితే వస్తుంది, ‘ఆప్’ అయితే రాదు. రెండో, మూడో భాగాల ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, ఆ చివరి చిన్నముక్క జారిపోతే మళ్లీ దొరకదు. లేజెన్, హ్యోరెన్ రెండింటిలోనూ 30 ప్రశ్నలు, 18 సరైతే 60 మార్కులు.

ఇక లోపాలు. జవాబుల పట్టికలో జవాబులు మాత్రమే ఉంటాయి, ఎందుకు తప్పో ఒక్క మాట ఉండదు. బీ1కి ఏ గ్రామర్ కావాలో జాబితా కూడా ఈ పేపర్‌లో లేదు. సుమారు 2400 పదాల వోర్ట్‌లిస్టె (పదజాబితా) పీడీఎఫ్‌ని విడిగా ఇచ్చారు కానీ అది పదాల వరకే. మీ ఉత్తరాన్ని దిద్దేవాళ్లు లేకపోతే ష్రైబెన్ భాగం సగమే ఉపయోగపడుతుంది.

ఆ లోటు కొంత పూడ్చుకోవాలంటే ఇలా చేయండి. గడియారం పెట్టుకుని మూడు ప్రశ్నలకి 20, 25, 15 నిమిషాలు ఇవ్వండి, ప్రతిదాంట్లో చివరి మూడు నిమిషాలు దిద్దడానికి ఉంచండి. మొత్తం ఒకేసారి చదివితే తప్పులు కనబడవు. మొదట క్రియలు మాత్రమే: స్థానం సరేనా, కర్తతో పొసిగిందా, పెర్‌ఫెక్ట్‌లో వాడే సహాయక క్రియలు హాబెన్, జైన్ తారుమారయ్యాయా. రెండోసారి ప్రిపొజిషన్లు మాత్రమే: మిట్, బై, ఫోన్, ట్సూ తర్వాత డాటీవ్ ఉందా, ఫ్యుర్, ఓనె తర్వాత అకుజాటీవ్ (మన ‘ని, ను’ లాంటి విభక్తి) ఉందా. మూడోసారి నామవాచకాల పెద్దక్షరాలు. హ్యోరెన్‌లో తప్పిన ప్రశ్నలకి రాతప్రతి తెరిచి, జవాబు ఏ మాట మీద తిరిగిందో దాని కింద గీత గీయండి. ‘నిష్ట్’, ‘ఎర్స్ట్’, ‘జోండర్న్’, వాక్యం చివరి ‘ఆప్’ లాంటివే ఎక్కువగా తేలతాయి.

మరో సంస్థ పెట్టే జర్మన్ పరీక్ష టెల్క్ బీ1 రాసేవాళ్లకి ఈ పేపర్ చాలదు. అక్కడ ష్ప్రాఖ్‌బౌస్టైనె పేరుతో గ్రామర్‌ని నేరుగా అడుగుతారు: 10 ఖాళీలకి మూడేసి ఎంపికలు, మరో 10 ఖాళీలకి 15 మాటల్లోంచి ఏరుకోవాలి, 300 మార్కుల్లో 30 వీటివే. వాళ్లు టెల్క్ సొంతంగా ఇచ్చే ఉచిత మాదిరి పేపర్ తీసుకోవాలి. గోథే రాసేవాళ్లకి ఇంకో పేపర్ కావాలంటే అదే వెబ్‌సైట్‌లో టీనేజర్ల పేపర్ కూడా ఉంది. విషయాలు బడి చుట్టూ తిరుగుతాయి కానీ ప్రశ్నల తీరు అదే.