కోయి పాండ్‌కి ఏది మేలు: గోడ స్కిమ్మరా, తేలే స్కిమ్మరా?

స్కిమ్మర్ అంటే నీటి పైన తేలే ఆకుల్నీ, నురగనీ లాగి తీసే పరికరం. శ్రీకాకుళం వైపు పెరట్లో కోయిలకి (రంగురంగుల జపాన్ అలంకార చేపలు) పాండ్ కట్టుకుంటే నీటిమట్టం ఏడాదంతా ఒక్కచోట నిలవదు. ఏప్రిల్, మే ఎండలకి రోజుకు అర సెంటీమీటరు పైనే ఇగిరిపోతుంది. అక్టోబరులో వాయుగుండం పట్టిందంటే రాత్రికి రాత్రే అంచుదాకా నిండుతుంది. ఏ స్కిమ్మర్ కొనాలో ముందు తేల్చేది ఇదే. ధర, బ్రాండ్ ఆ తర్వాతి సంగతి.

గోడ స్కిమ్మర్ అంటే గోడలో బిగించిన పెట్టె. నోటి దగ్గర ఊగే తలుపు, లోపల బుట్ట, అడుగున పంపుకి పోయే పైపు ఉంటాయి. నీరు నోటికి సగం ఎత్తులో ఉన్నంతసేపూ తలుపు మీదుగా పలచగా జారుతూ ఆకుల్నీ, జిడ్డు నురగనీ లాక్కుపోతుంది. వేసవిలో వారం రోజులు నీళ్ళు పోయకపోతే మట్టం నాలుగు సెంటీమీటర్ల దాకా దిగి, నోరు గాలి పీలుస్తుంది. గుడగుడమని చప్పుడొచ్చి, పంపు నుంచి వచ్చే నీళ్ళలో బుడగలు కనిపిస్తే వెంటనే ఆపాలి, లేకపోతే పంపు సీల్ కాలిపోతుంది. బుట్ట నిండిపోయినా ఇదే చప్పుడు. పాండ్ నిండుగానే ఉంటుంది, పెట్టెలో మాత్రం నీరుండదు. మట్టం పెరిగినా చిక్కే: నోరు పూర్తిగా మునిగితే పైపొరని వదిలేసి కింది నీటిని లాగుతుంది, ఆకులు అక్కడక్కడే తిరుగుతుంటాయి.

కాబట్టి ఇది పెట్టించుకునేవాళ్ళు కట్టేటప్పుడే ఫ్లోట్ వాల్వు (మట్టం తగ్గితే తనే నీళ్ళు వదిలేది), నోటి పై అంచుకి కాస్త కిందగా జాలీ బిగించిన ఓవర్‌ఫ్లో పైపు (ఎక్కువైన నీళ్ళు బయటికి పోయేది) వేయించాలి. ఫ్లోట్ వాల్వుకి కుళాయి నీళ్ళు నేరుగా కలపకండి, క్లోరిన్ చేపల మొప్పల్ని తినేస్తుంది.

తేలే స్కిమ్మర్‌కి ఈ గొడవ లేదు. నీటితో దిగుతుంది, నీటితో లేస్తుంది. కరెంటు లెక్కలోనూ దానిదే పైచేయి, ఎందుకంటే దాని మోటారు వేరు. ఫిల్టర్‌కి నీరు పంపే పెద్ద పంపుని ఆపకూడదు, ఆపితే ఫిల్టర్‌లో నీటిని శుద్ధి చేసే బాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. ఆకులు తీసే పని మాత్రం రోజంతా అక్కర్లేదు. 40 వాట్ల తేలే స్కిమ్మర్‌కి టైమర్ పెట్టి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తిప్పితే నెలకి ఐదు యూనిట్లలోపే. మేత వేసేటప్పుడు పావుగంట ఆపాలి, లేకపోతే తేలే గుళికలన్నీ బుట్టలోకే. గోడ స్కిమ్మర్ అయితే పంపు ఆపకుండా దాని వాల్వు మూయాలి.

10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 4 లోతు పాండ్‌లో సుమారు 9,000 లీటర్లు పడతాయి. రెండు గంటలకోసారి నీరంతా తిరగాలంటే గంటకి 4,500 లీటర్లు లాగాలి. గోడ స్కిమ్మర్‌కి అందులో మూడో వంతు, 1,500 చాలు. మిగతాది అడుగు డ్రెయిన్‌కే (పాండ్ అడుగు నుంచి పంపుకి నీరు లాగే పైపు) ఇవ్వండి. కోయి రెట్ట మునుగుతుంది, తేలదు. పచ్చనీళ్ళు, అమ్మోనియా కూడా స్కిమ్మర్ పని కాదు, వాటికి యూవీ దీపం, ఫిల్టర్ ఉన్నాయి.

ఇక గాలి. వానాకాలమంతా నైరుతి నుంచి వీస్తుంది, చెత్త ఈశాన్య మూలకి చేరుతుంది. గోడ స్కిమ్మర్ అక్కడే పెట్టాలి (వాస్తు చూసేవాళ్ళకీ అభ్యంతరం ఉండదు!). చలికాలంలో గాలి తిరగబడి చెత్త ఎదుటి మూలకి పోతుంది. తేలేదాన్ని తాడు విప్పి అటు కట్టుకోవచ్చు, గోడలోదాన్ని పీకలేం.

తేలేదాని లోపం బుట్ట చిన్నది కావడం. చింతాకు రాలే రోజుల్లో పూటకోసారి దులపాలి. ఆ చిన్న ఆకులు బుట్ట రంధ్రాల్లోంచి జారి ఇంపెల్లర్‌కి (మోటారులో నీటిని తోసే రెక్కల చక్రం) చుట్టుకుంటాయి. దోమతెర ముక్క తొడిగితే ఆగుతాయి, కాకపోతే బుట్ట ఇంకా త్వరగా మూసుకుపోతుంది. తుపాను హెచ్చరిక వస్తే ప్లగ్గు తీసి ఒడ్డున పెట్టేయాలి.

కొత్తగా తవ్వుతూ, 20,000 లీటర్లు దాటే పాండ్ అయితే గోడ స్కిమ్మర్ పెట్టండి. ఇప్పటికే కట్టేసిన తొట్టెకి గోడ పగలగొట్టి లీకులు తెచ్చుకోవద్దు, తేలేదే మేలు. బాదం చెట్టు కిందైతే రెండూ దండగే. అరచేయంత ఆకు ఒక్కటి అడ్డం పడితే నోరు మూసుకుపోతుంది. అక్కడ ఆకు రాలే కాలంలో పాండ్ మీద వల పరిచి, మిగిలింది చేతి వలతో తీయాల్సిందే.