లీడర్‌షిప్ డే అని అడ్వాన్స్ కొట్టే ముందు జర ఆగి ఇది చదవండి

హనుమకొండ, వరంగల్, కాజీపేట ఆఫీసులల్ల టీం ఔటింగ్ పనులు మీద ఏసుకునే అన్నలకు, అక్కలకు ఇది రాస్తున్న. రెండో శనివారం మా ఆఫీసోళ్లం 42 మందిమి, 'లీడర్‌షిప్ డే' అని టీం ఆటలు ఆడిపిచ్చే ఒక కంపెనీ తోని పోయినం. అండ్ల ఒకాయన చెరువుల మునిగి బతికి బయటపడ్డడు. బుక్ చేసింది నేను. ఆ రాత్రి నుంచి నాకు సరిగ నిద్ర లేదు.

ఆ కంపెనీ ఇచ్చిన కొటేషన్ చూస్తే ఎవ్వరైనా ఒప్పుకుంటరు. లక్నవరం చెరువు కాడ పొద్దంత కార్యక్రమం, ఇద్దరు ట్రెయినర్లు, డ్రమ్ములతోని తెప్ప కట్టుడు, జిప్‌లైన్ (కట్టిన తీగకు వేలాడుకుంట జారుడు), ఒక్కో ఆట అయినంక కూసోబెట్టి మాట్లాడించుడు. మనిషికి 1,850 రూపాయలు. 42 మందికి 77,700, దాని మీద 18 శాతం జీఎస్టీ 13,986. అడ్వాన్స్ 50,000 పంపిన. సగం పైసలు మేనేజ్‌మెంట్ ఇచ్చింది, సగం మేం తలా ఇంత ఏసుకున్నం.

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. "అన్నా, లక్నవరంల జాగ దొరకలే. దగ్గర్లనే ఇంకోటుంది, అంతకన్న మంచిగుంటది. మేం చూసుకుంటం కదా." అప్పటికే బస్సు మాట్లాడినం, అందరు సంచులు సదురుకున్నరు. సరే అన్న. అప్పుడే రద్దు చేయాల్సింది. తెల్లారి పోయి చూస్తే ములుగు దిక్కు ఒక ఊరి చెరువు, గట్టు మీద షామియానా, రెండు పెద్ద సౌండ్ బాక్సులు. ట్రెయినర్లన్నోళ్లల్ల ఒకాయన పెండ్లిళ్లల్ల మైకు పట్టే యాంకర్, ఇంకొకడు డిగ్రీ చదివే పిలగాడు.

పొద్దుగాల తాడు ముడి విప్పే ఆట ఆడిపిచ్చిన్రు. పది నిమిషాలల్ల అయిపోయింది, చప్పట్లు కొట్టిచ్చి పాట పెట్టిన్రు. గీ ఆటలల్ల అసలు పని ఆట అయినంకనే ఉంటది. ముందుగాల ఎవరు మాట్లాడిన్రు, ఎవరి మాట పడిపోయింది, తప్పు జరిగితే ఎవరి మీదికి తోసిన్రు అని కూసొని మాట్లాడాలె. డీబ్రీఫ్ అంటరు దాన్ని. మా అకౌంట్స్‌ల కొత్తగ చేరిన చెల్లె ఆ ముడి ఎట్ల విప్పాల్నో మొదట్లనే చెప్పింది, పెద్దోళ్లం ఎవ్వరం ఇనలే. దాని మీద ఒక్క ప్రశ్న అడిగినా మేం పోయినందుకు ఫలితం దక్కేది. ఎవ్వరు అడగలే.

పదకొండున్నరకు తెప్ప. లైఫ్ జాకెట్లు అందరికి ఒకటే సైజు. కొన్నిటికి బకిల్ విరిగిపోతే సుతిలి తోని కట్టిన్రు. నీళ్లల్లకు ఇరవై అడుగులు పోంగనే తెప్ప ఒక దిక్కు ఒరిగింది, నలుగురు పడ్డరు. సన్నగుండే మా సార్ ఒకాయనకు జాకెట్ మెడ మీదికి ఎక్కి మొఖాన్ని కప్పేసింది. ఆయనకు ఈత రాదు. గట్టు మీదున్న పిలగానికి గూడ రాదట. మా బస్సు డ్రైవర్ చెప్పులు ఇడవకుండనే దుంకి జుట్టు పట్టుకొని గుంజుకొచ్చిండు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా అడిగితే ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. ములుగు దవాఖాన్ల డాక్టర్లు ఆయన్ను సాయంత్రం దాంక కండ్ల ముందల పెట్టుకొని చూసినంకనే పంపిన్రు, ఊపిరితిత్తులల్లకు నీళ్లు పోతె కొన్ని గంటలకు గూడ ఇబ్బంది రావచ్చని. జిప్‌లైన్ నేనే ఆపిచ్చిన. మనిషిని తీగకు కట్టే పట్టీల (హార్నెస్) కుట్లు ఎండకు తెల్లబడ్డయి, లేబుల్ మీద ఒక్క అక్షరం కనిపిస్తలేదు.

జాకెట్ చూసుకునుడు కష్టం కాదు, నాకే ముందు తెల్వలే. ఎంత బరువు మనిషికో దాని లోపలి దిక్కు రాసుంటది. బకిళ్లన్ని పెట్టుకున్నంక, పక్కోళ్లతోని భుజాల కాడ పట్టి పైకి గుంజిపిచ్చుకోండి. చెవుల దాంక లేస్తే అది మీకు పనికిరాదు, నీళ్లల్ల దిగొద్దు. ఎవడన్న "ఏం కాదు సార్" అంటే మాత్రం అస్సలే దిగొద్దు.

ఇంక పైసల సంగతి. జీఎస్టీ అని ఏసిన్రు గాని కొటేషన్ మీద నంబర్ లేదు. నంబర్‌ల 15 అక్షరాలు, అంకెలు ఉంటయి, మన తెలంగాణది 36 తోని మొదలైతది. జీఎస్టీ పోర్టల్‌ల కొడితే ఎవరి పేరు మీదుందో ఫుకట్‌గ కనిపిస్తది. రిజిస్ట్రేషన్ లేనోళ్లకు ఆ పన్ను వసూలు చేసే హక్కే లేదు. నేను అడిగితే "బిల్లు రేపు పంపుతం" అన్నరు, ఇంక రాలే. మిగిలిన 41,686 కోసం మాత్రం రోజు ఫోన్ చేస్తున్నరు. ఇయ్యనని రాతపూర్వకంగ చెప్పిన. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతం, 5 లక్షల లోపు కేసుకు ఫీజు గూడ లేదు.

ఇంకొకటి. వాళ్ల దగ్గర వానాకాలం జలపాతాల ప్యాకేజీ గూడ ఉంది. 2023 జూలైల ములుగు జిల్లా ముత్యంధార జలపాతం కాడ వాగు పొంగి పర్యాటకులు రాత్రంత అడవిల ఇరుక్కుంటే ఎన్డీఆర్ఎఫ్ (విపత్తులల్ల కాపాడే కేంద్ర దళం) వచ్చి బయటికి తేవాల్సొచ్చింది. ఈత రాని పిలగాన్ని చెరువు గట్టు మీద నిలబెట్టినోళ్లు మిమ్మల్ని ఆ అడవిలకు తీస్కపోతమంటే ఒప్పుకోకండి.

మా సార్ సోమవారం ఆఫీసుకొచ్చిండు, దగ్గు ఇంకా తగ్గలే. ఇయర్ ఎండింగ్‌కు ఎవరన్న బుక్ చేస్తుంటే అడ్వాన్స్ కొట్టే ముందు నాకు మెసేజ్ పెట్టండి. జాకెట్ల ఫొటోలు, కొటేషన్ అన్ని నా దగ్గరున్నయి, పంపుత.