అనంతపురం ఫ్లెక్సీ దుకాణంలో అస్సీరియా పటం

మా అనంతపురంలో ఫ్లెక్సీ దుకాణాలకు పుట్టినరోజు శుభాకాంక్షలు, నాయకుల స్వాగతాలు, శ్రద్ధాంజలులు కొట్టినపిండి. డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పే నాకు కావలసింది వేరు. క్రీ.పూ. 670 ప్రాంతపు అస్సీరియా (నేటి ఇరాక్ ఉత్తర భాగంలో పుట్టిన ప్రాచీన సామ్రాజ్యం), దాని చుట్టుపక్కల రాజ్యాలు, ఆరడుగుల వెడల్పు పటంలో, వెనక బెంచీకి కూడా కనబడే తెలుగు అక్షరాలతో. బజారులో దొరికే పటాల్లో ఆ సామ్రాజ్యమంతా ఒకే రంగు. అది చూసి పిల్లలు అంతా ఒకే రాజు ఏలాడనుకుంటారు. అందుకే టవర్‌క్లాక్ సమీపంలో మేడ మీద ఉన్న ఒక దుకాణానికి వెళ్ళాను.

అడిగింది ఇదీ: అస్సీరియా రాజధాని నినెవె నియమించిన అధికారులు నేరుగా పాలించిన రాష్ట్రాలకు నిండు ఎరుపు, సొంత రాజు ఉండి కప్పం కట్టే రాజ్యాలకు ఏటవాలు ఎరుపు గీతలు, లొంగని ఉరార్తు, ఏలాంలకు వేరే రంగులు. ఇజ్రాయెల్, యూదా పక్కపక్క రాజ్యాలే. క్రీ.పూ. 722 ప్రాంతంలో రాజధాని సమరియా పతనంతో మొదటిది అస్సీరియా రాష్ట్రమైపోయింది. 701లో అస్సీరియా రాజు సెన్నాకెరిబ్ యూదాలోని లాకీష్ కోటను పడగొట్టినా, యూదా రాజు హిజ్కియా భారీగా కప్పం చెల్లించి యెరూషలేములో గద్దె నిలుపుకున్నాడు. ఒకదానికి నిండు రంగు, రెండోదానికి గీతలు. ఈ తేడా కనబడకపోతే పటానికి పెట్టిన డబ్బు దండగ.

కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి ఈ సంగతి వెంటనే పట్టుకున్నాడు. మిగిలిపోయిన ముక్క మీద యూదా భాగం ఒక్కటే అచ్చు తీసి చూపించాడు. గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోయి దూరం నుంచి నిండు ఎరుపులాగే ఉన్నాయి. నేను చెప్పకముందే గీతల మధ్య ఎడం పెంచి మళ్ళీ తీశాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకు నేను ముచ్చటపడ్డాను: "మేడం, బాబిలోన్‌కు రెండు గుర్తులూ పెట్టారు. ఏది వేయమంటారు?"

నిజంగానే బాబిలోన్ ఏ రంగులోనూ ఇమడదు. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దంలో అస్సీరియా రాజు మూడో షల్మనేసర్ తన సింహాసనపు రాతి పీఠం మీద బాబిలోన్ రాజుతో చేయి కలుపుతున్నట్టు చెక్కించుకున్నాడు. 689లో సెన్నాకెరిబ్ అదే నగరాన్ని నేలమట్టం చేశాడు. అతని కొడుకు ఎసర్‌హద్దోన్ తిరిగి కట్టడం మొదలుపెట్టాడు. మనవడు అషుర్‌బనిపాల్ కాలంలో అక్కడ రాజుగా కూర్చున్న సొంత అన్నే 652లో తిరగబడ్డాడు. ఇదంతా విని ఆ అబ్బాయి లేత ఎరుపు మీద ముదురు గీతలు వేశాడు. నా కాగితంలో అంత మంచి ఆలోచన లేదు.

ఇక ఇబ్బందులు. నేను ఫోనులో టైపు చేసి పంపిన తెలుగు వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో చిందరవందరైంది, ఒత్తులన్నీ విడిపోయాయి. విసుక్కోకుండా మళ్ళీ టైపు చేశారు కానీ అచ్చుకు ముందు ప్రతి పేరూ మీరే సరిచూసుకోవాలి. తెరమీద నీలంగా ఉన్న టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు ఫ్లెక్సీ మీద నల్లబడ్డాయి. మెరుపు ఫ్లెక్సీ కావడంతో ట్యూబులైటు వెలుగు పడి కిటికీ వైపు వరసకు ఈజిప్టు కనబడదు. తరగతి గదికని చెప్పినా మెరుపు లేని రకం ఉందని ఎవరూ అనలేదు.

అన్నిటికంటే కోపం తెప్పించింది మడత. ఇలాంటిది గొట్టంలా చుట్టి ఇవ్వాలి. బిల్లు రాసే ఆయన చీరలా మడిచిపెట్టాడు. ఆ మడత సరిగ్గా హర్రాన్ మీదుగా పోయింది. 612లో బాబిలోన్, మీడియా సేనలు నినెవెను కూల్చాక చివరి అస్సీరియా రాజు తలదాచుకున్న ఊరు అది. అదీ చేజారాక, 609లో దాన్ని తిరిగి పట్టుకోవడానికి సాయం వచ్చింది ఎవరనుకున్నారు? 663లో అస్సీరియన్లు తీబ్స్ నగరాన్ని దోచుకున్న ఈజిప్టే! బాబిలోన్ బలపడటం దానికి ఇష్టం లేదు. పాఠంలో పిల్లలు ఎక్కువసేపు వాదించుకునే చోట ఇప్పుడొక తెల్లటి చార ఉంది.

ధర సమంజసమే. పెళ్ళిళ్ల రోజుల్లో మాత్రం వెళ్ళకండి, సాయంత్రానికన్నది మర్నాటికి గానీ చేతికి రాదు. తర్వాతి పటం, హిట్టైట్లదీ మితాన్నిదీ, నేను మళ్ళీ ఆ అబ్బాయికే ఇస్తాను. మెరుపు లేని ఫ్లెక్సీ, చుట్టి ఇవ్వాలి అని రసీదు మీద రాయించుకుని మరీ.