మూడు నెలల రిహాబ్: మెషీన్‌కు రెండు మార్కులు, వంటగదికి పది

తలకు దెబ్బ తగిలినవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను పెట్టుకునే రిహాబ్ సెంటర్ ఒకటి హైదరాబాద్‌లో ఉంది. మేం అందులో మూడు నెలలు ఉన్నాం. పేరు రాయడం లేదు. మమ్మల్ని బాగా చూసినవాళ్లూ అక్కడే ఉన్నారు, ఏడిపించినవాళ్లూ అక్కడే ఉన్నారు. పేరు రాస్తే ఏడిపించిన సంగతే అందరికీ గుర్తుంటుంది. ఇలాంటి చోటుకు వెళ్లబోయేవాళ్లు ఏం చూసుకోవాలో తెలియాలని మాత్రం రాస్తున్నా. నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

మా ఆయన ఎలక్ట్రీషియన్. ఖమ్మంలో చిన్న షాపు. రెండేళ్ల కింద రాత్రిపూట బండి మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చింది. హెల్మెట్ ఉంది గానీ కింద బకిల్ పెట్టుకోలేదు. ఆయన కన్నా ముందు హెల్మెట్టే ఎగిరిపోయింది. ఆస్పత్రిలో స్పృహ ఎంతుందో కొలిచే స్కేలు మీద 15కి 7 స్కోరు అన్నారు. సగం మార్కులు వచ్చాయి కదా, పాసే అనుకున్నా. ఆ స్కేలు మొదలయ్యేదే 3 దగ్గర అనీ, 8 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే తీవ్రమైన దెబ్బ కిందే లెక్క అనీ తర్వాత తెలిసింది. మెదడు వాపుకు చోటివ్వడానికి పుర్రె ముక్క తీసి పొట్ట చర్మం కింద దాచారు. మా అత్తమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. నాలుగు నెలలకు ముక్క మళ్లీ పెట్టాక ఈ సెంటర్‌కు వెళ్లాం.

రోజుకు 4,500. అందులో గది, ఆయన తిండి, రెండు పూటలా ఫిజియోథెరపీ, ఒక గంట ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించేది) వస్తాయి. మందులు, డైపర్లు, నా భోజనం వేరు. మొత్తం కలిపి నాలుగు లక్షలు దాటింది. మేం కొనుక్కున్న ప్లాటు అలా వెళ్లిపోయింది.

లోపలికి అడుగు పెట్టగానే నడిపించే రోబో మెషీన్ కనబడుతుంది. ప్రకటనల్లోనూ అదే. మేం చేరడానికి సగం కారణం కూడా అదే. మూడు నెలల్లో నాలుగుసార్లు ఎక్కించారు, ఎక్కించినప్పుడల్లా వేరే బిల్లు. నాలుగోసారి ఫిజియో అబ్బాయే పక్కకొచ్చి, "అన్నకు దీంతో పెద్ద పని లేదు మేడమ్, కాళ్లల్ల బలం మంచిగనే ఉంది" అన్నాడు. ఆ అబ్బాయి మటుకు బంగారం. గేటు దగ్గరికి ఆటో పిలిపించి, ఎక్కడం దిగడం పదిసార్లు చేయించేవాడు. ఇంటికొచ్చాక నాకు అక్కరకొచ్చింది ఆ ఆటోనే.

ఇక వంటగది. రెండో అంతస్తులో మెట్ల పక్కన చిన్న గది. ఒక సిలిండర్ స్టవ్, సింకు, అరలో డబ్బాలు. ఎవరికీ చూపించరు, నేనూ స్టోర్ రూమ్ అనుకున్నా. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఒకరోజు మా ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి, "సార్, నాకో టీ పెట్టిస్తారా?" అని అడిగింది. ఆయన గిన్నె తీశారు, నీళ్లు పోశారు, స్టవ్ వెలిగించారు. తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డారు. నీళ్లు మరుగుతున్నాయి. ఆయన చూస్తున్నారు. నీళ్లు సగమయ్యాయి. నాకు నోటిదాకా వచ్చింది గానీ ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. కాసేపటికి "తర్వాత ఏంటి సార్?" అంది. "టీ పొడి" అన్నారు వెంటనే. తెలుసు. తెలిసీ వెయ్యలేదు.

అప్పటిదాకా నేను ఆయన్ని తిడుతూనే ఉన్నా. స్నానానికి లేవరు, అన్నం ముందు పెట్టినా తినరు, పిలిస్తే "ఆఁ" అంటారు గానీ కదలరు. బద్ధకం అనుకున్నా, కావాలని చేస్తున్నారనుకున్నా. మెదడు ముందు భాగానికి దెబ్బ తగిలితే కొందరికి పని చేతనవుతుంది గానీ మొదలుపెట్టడం చేతకాదని ఆ అమ్మాయి చెప్పింది. మా ఆయన ఆ నీళ్ల గిన్నె వంకే చూస్తూ, "ట్యూబు బాగుంది, చోకు బాగుంది, స్టార్టర్ పోయింది" అన్నారు. ప్రమాదం అయ్యాక ఆయన చేసిన మొదటి జోకు అది. ఆ అమ్మాయికి చోకంటే ఏంటో తెలీదు, అన్నీ బాగున్నా ట్యూబ్‌లైటును మొదట వెలిగించేది స్టార్టరే అని నేనే చెప్పాల్సొచ్చింది.

స్టార్టర్ బయటనుంచి ఇవ్వాలన్నమాట. స్టవ్ పైన గోడకు ఒక కాగితం, అందులో ఆరు లైన్లు. లైను అయిపోగానే తర్వాతి లైను చదవాలి. నేను మాట సాయం చేస్తే నా మీద ఆధారపడతారట, కాగితం అయితే ఆయనదే అవుతుందట. మొదట్లో నాకు నమ్మకం లేదు. మూడు వారాలకు ఆ అమ్మాయికి టీ అందింది. పంచదార ఎక్కువైంది, అయినా తాగేసింది.

రెండో మంచి సంగతి, శనివారం నాలుగింటికి మేడ మీద జరిగేది. పేషెంట్లు ఉండరు. భార్యలు, అమ్మలు, ఒకరిద్దరు అన్నదమ్ములు. ప్లాస్టిక్ కుర్చీలు, బెంగళూరులో మనసు, మెదడు జబ్బుల పెద్దాస్పత్రి నిమ్హాన్స్‌లో చదివొచ్చిన సైకాలజిస్ట్ ఒకాయన. మొదటి శనివారం నోరు విప్పలేదు నేను. నల్లగొండ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కొడుకుతో ఉంటోంది, నా వైపు తిరిగి "మీ ఆయన తిడ్తడా?" అనడిగింది. తిడతాడన్నా. "బూతులా?" అంది. అవునన్నా. "మావోడు గూడ. చిన్నప్పుడు నోట్లె నాలుక లేనట్టుండె" అంది. అందరం నవ్వాం. అప్పటిదాకా ఆ తిట్లు నాకొక్కదానికే రాసిపెట్టి ఉన్నాయనుకున్నా.

ఇంకో మాట కూడా అక్కడే తెలిసింది. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ మాత్ర కొంతమందిలో కోపం, చిరాకు పెంచుతుంది. మాకు నాలుగు నెలలుగా రెండు పూటలా అదే నడుస్తోంది. మీరు మాత్రం ఆపొద్దు, మీ న్యూరాలజిస్ట్‌కు చెప్పండి అని సైకాలజిస్ట్ రెండుసార్లు గట్టిగా అన్నారు. చెప్పాం, ఆయన మెల్లగా మందు మార్చారు. కోపం పూర్తిగా పోలేదు గానీ గ్లాసులు విసరడం ఆగింది.

ఇప్పుడు ఏడుపు సంగతులు. రాత్రి అటెండర్లు నెలకొకరు మారేవారు. ఒకడు ఫోన్ చూస్తూ, ఆయన బాత్‌రూమ్‌కు పిలుస్తున్నా "ఆగు" అంటూ కూర్చునేవాడు. మెదడు దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది ఆగలేరు. ఒకసారి పక్క తడిసిపోయింది, దానికి ఆయన్నే కసురుకున్నాడు. కంప్లైంట్ చేస్తే మనిషిని మార్చారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు.

వెళ్లిపోయే వారంలో వీడియో తీస్తామన్నారు. వీల్‌చైర్‌లో వచ్చిన రోజుది ఒకటి ఉంది, ఇప్పుడు నడుస్తున్నది పక్కన పెడతారట. నేను ఒప్పుకోలేదు. నడక బాగుంది, నిజమే. కానీ ఆరోజు పొద్దున ఆయన మా పెద్దమ్మాయి ఏం చదువుతోందని నన్ను మూడుసార్లు అడిగారు. అది వీడియోలో కనబడదు కదా.

డిశ్చార్జ్ కాగితం రెండు పేజీలు. ఏ కండరానికి ఎంత బలం అని అంకెలున్నాయి. కోపం, నిద్ర, డబ్బు, మతిమరుపు ఒక్క ముక్క కూడా లేదు. కుటుంబాన్ని కూర్చోబెట్టి, ఇంటికెళ్లాక ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. వచ్చిన రెండో వారంలోనే షాపుకొచ్చిన ఎవరికో ఫోన్‌లో 8,000 పంపేశారు. ఎవరికో ఆయనకూ గుర్తులేదు. బ్యాంకు యాప్‌లో రోజుకు 500 దాటకుండా లిమిట్ పెట్టుకున్నాం. ఈ ఉపాయం నల్లగొండ ఆవిడే ఫోన్‌లో చెప్పింది.

చుట్టాలు చూడ్డానికొచ్చి "బాగానే ఉన్నాడు కదా" అంటారు. ఉంటారు, పొద్దున పదింటి వరకు. ఆ తర్వాత నలుగురు ఒకేసారి మాట్లాడినా, టీవీ మోగినా తల నిండిపోతుందంటారు, వెళ్లి చీకట్లో పడుకుంటారు. పెళ్లిళ్లకు అక్షింతలు వేసి వచ్చేస్తున్నాం, భోజనానికి ఆగట్లేదు.

మార్కులు ఇమ్మంటే ఐదుకు మూడున్నర ఇస్తా. చూడ్డానికి వెళ్తే పొద్దున వెళ్లకండి, మెషీన్ చూపించి పంపించేస్తారు. శనివారం సాయంత్రం వెళ్లండి, మేడ మీద కుర్చీలు ఉన్నాయేమో చూడండి. వంటగది ఉందా అని అడగండి. మీ ఇంట్లో మెట్లెన్ని, ఆయన ఏం పని చేసేవారు అని వాళ్లు మిమ్మల్ని అడుగుతున్నారో లేదో గమనించండి. మమ్మల్ని చేర్చుకునేటప్పుడు ఇన్సూరెన్స్ ఉందా అని మాత్రమే అడిగారు.

ఇంటికి తెచ్చుకున్న ఆ ఆరు లైన్ల కాగితం మా స్టవ్ పైన ఇంకా ఉంది. నూనె మరకలు పడి నాలుగో లైను కనబడట్లేదు, నిన్న టీలో పంచదార రెండుసార్లు పడింది. ఈసారి లైను పక్కన టిక్ పెట్టుకోవడానికి గడి గీసి, లామినేషన్ చేయించాలి.