చప్పుడు చేయని చైన్ నా కొంప ముంచింది: 41,000 కిలోమీటర్ల తర్వాత

ఇంజిన్ పికప్, మైలేజీ, సీటు ఎత్తు గురించి రాయను. స్పోర్ట్స్ బైక్ కొనాలనుకునేవాళ్లకు అవన్నీ కంఠతా వచ్చు. నాలుగేళ్లు నడిపాక నాకు మిగిలిన గోడు ఒక్కటే, చైన్.

రెండో ఏడాది ఒక సర్వీసు నుంచి బండి చాలా నిశ్శబ్దంగా వచ్చింది. అంతకుముందు తక్కువ స్పీడులో కింద టకటకమనే చైన్ నోరు మూసుకుంది. మురిసిపోయి ఆఫీసులో ఇద్దరిని అదే చోటికి పంపించాను కూడా. ఆ మెచ్చుకోలు ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి.

తర్వాతి నెల బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం బయలుదేరాను. మన్ననూరు దగ్గర రాత్రిపూట అడవి గేటు మూసేస్తారు కదా, తెరిచే వేళకి చేరేలా చీకటితోనే హైదరాబాద్ దాటాం. కల్వకుర్తి వరకు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ కింద నుంచి సన్నటి మూలుగు. గుంటలో పడితే వెనక సస్పెన్షన్ కర్రలా నడుముకి తగులుతోంది. "బావా, బండి మూలుగుతోంది" అన్నాడు వాడు. "ముందు నువ్వు బరువు తగ్గు" అన్నాను.

దోమలపెంటలో టీకి ఆగితే ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) కవర్ కింద నూనె చుక్కలు కనిపించాయి. చైన్ లూబ్ కారిందేమోనని తుడిచేశాను. ఇల్లు చేరిన మర్నాడు చూస్తే పార్కింగ్‌లో అరచేయంత మరక.

మా వీధి చివరి మెకానిక్ పానా పట్టుకోకుండానే, "ఇద్దరూ ఎక్కి కూర్చోండి సార్" అన్నాడు. కూర్చున్నాం. కింద చైన్ వేలితో నొక్కి చూపించాడు, వీణ తీగలా ఉంది. వెనక చక్రం పైకి లేచేకొద్దీ రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి) బోల్టు, వెనక ఆక్సిల్ (చక్రం ఇరుసు) ఒకే గీత మీదకి వచ్చినప్పుడు ఆ దూరం అన్నిటికంటే ఎక్కువ. అక్కడ కూడా చైన్‌కి కాస్త వదులు మిగలాలి. సర్వీసులో మరీ బిగించేయడంతో నా బండికి మిగల్లేదు. ఆ గుంజుడంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద పడి ఆయిల్ సీల్ పోయింది, బేరింగ్ అరిగింది. ఇంజిన్ దించాల్సి వచ్చింది, పదకొండు వేలు వదిలాయి.

తప్పు పూర్తిగా సర్వీసు వాళ్లదే అనలేను. చైన్ గార్డ్ మీద 25-35 మిల్లీమీటర్లని స్టిక్కర్ ఉంది, నేను ఒక్కసారైనా కొలిచి చూడలేదు. అది కింది వరుస మధ్యలో చైన్‌ని పైకెత్తి, కిందికి నొక్కితే వచ్చే మొత్తం కదలిక. మా బండికి సైడ్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో చూడాలి. కొన్ని బండ్లకి వేరేలా చెబుతారు, మీ మాన్యువల్ చూసుకోండి.

ఇప్పుడు చైన్ వదులు నేనే పెట్టుకుంటున్నాను. ఇంజిన్ ఆపి, బండిని కొంచెం కొంచెం తోస్తూ నాలుగైదు చోట్ల స్టీలు స్కేలుతో కొలుస్తాను. పాత చైన్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు, బాగా టైట్‌గా ఉన్న చోటే లెక్క. ఆక్సిల్ నట్ వదులు చేసి రెండు పక్కలా చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే అడ్జస్టర్లు పావు చుట్టు చొప్పున తిప్పుతాను. స్వింగార్మ్ మీది గీతల్ని నమ్మడం మానేశాను, వాటి ప్రకారం పెడితే నా బండి చక్రం ఒక పక్కకి చూస్తుంది. వెనక కూర్చుని చైన్ వెంట కన్ను పెట్టి సరిచూస్తాను. ఇంకోటి, నట్ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే పానా) బిగించాక మళ్లీ కొలవాలి. నాకైతే రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. ఇది తెలియక మొదట్లో రెండు ఆదివారాలు పోయాయి.

నేను 86 కిలోలు, వెనక తరచూ ఎవరో ఒకరు ఉంటారు. అందుకే 35 దగ్గరే ఉంచుతాను. కాస్త టకటక వినిపిస్తుంది, వినిపించనీ. ఒక్కరే, తేలికగా ఉండేవాళ్లకి 30 చాలేమో. బండి కొనమంటారా అంటే, నాకు పార్కింగ్‌లో చోటుంది, ఆదివారం గంటసేపు ఖాళీ ఉంది కాబట్టి నాకు నచ్చింది. అవి లేనివాళ్లకి చెప్పాలంటే జంకుతాను.

బావమరిది ఈమధ్య నిజంగానే సన్నబడ్డాడు. అయినా 35 నుంచి కదల్చలేదు.